మన్రో దొర, మా ఊరి చెరువు

సావనీరు కమిటీ మిత్రులు ఈ ఏటి సంచికకు ఒక మహనీయుని జీవితచరిత్ర రాసివ్వమని అడిగితే సరేనన్నాను. ఎవరి గురించి అని అడిగితే మన్రో దొర గురించి అన్నాను. వాళ్ళు ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. తెల్లవాడు, పైగా పన్నులు వసూలు చేసినవాడు, చనిపోయి రెండువందల ఏళ్ళు కావస్తున్నవాడు. అతణ్ణి మహనీయుల వరుసలో ఎట్లా కూర్చోబెడతావన్నది వాళ్ళ సందేహం. సబబైన సందేహమే. మహనీయుడా కాదా అన్నది చదివిన తరువాత మీరే తేల్చుకోండి. నామటుకు నాకు ఇప్పటికీ పూర్తిగా తేలలేదు.

అసలు నేను ఈయన జోలికి పోవడానికి కారణం చరిత్ర మీద ప్రేమ కాదు, మా ఊరి చెరువు. మాది పాత వాయల్పాడు తాలూకాలో ఒక చిన్న పల్లె. ఆ చెరువులో నేను సైకిలు నేర్చుకున్నాను. ఈత నేర్చుకోలేదు, సైకిలు నేర్చుకున్నాను. దీన్నిబట్టి మా చెరువు సంగతి మీకు అర్థమైపోవాలి. అట్లాంటి చెరువు 2021 నవంబరులో, బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిన ఆ రెండు మూడు రోజుల్లో నిండి, మరవ పోయి, తెల్లవారుజామున తూము పక్కన కట్ట తెగింది. ఆ తేదీల్లోనే తిరుపతి వీధులు ఏర్లైనాయి, స్వర్ణముఖి మీద వంతెనలు పోయాయి, తిరుమల ఘాట్ రోడ్డు మీద కొండచరియలు పడ్డాయి, రాజంపేట తట్టు చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయింది. రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకు నీళ్ళు ఊరుతున్నాయని తెలిసి చుట్టుపక్కల పల్లెల్ని రాత్రికి రాత్రి ఖాళీ చేయించారు. అప్పుడు హాస్టళ్ళలో ఉన్న సీనియర్లకు ఇవన్నీ నేను చెప్పనక్కరలేదు. అన్ని పెద్ద వార్తల మధ్య మా చెరువు గండి ఏ పత్రికలోనూ పడలేదు. మా నాయన మడికి మాత్రం మోకాలెత్తు ఇసుక మేట వేసింది.

ఏండ్ల తరబడి చుక్క నీరు లేని చెరువు ఒక్క రాత్రిలో ఎట్లా తెగుతుంది? ఈ ప్రశ్నతో మొదలుపెట్టి పాత పుస్తకాలు తిరగేస్తుంటే మన్రో తగిలాడు. 1803 ప్రాంతంలో వానలు తప్పి అల్లాడిన దత్తమండలాల్లో, ఆ వెంటనే 1804లో వానలు విరుచుకుపడి వందలాది చెరువులు, కాలువలు తెగిపోయాయని చదివాను. ఆ గండ్ల లెక్క చూసుకోవలసిన ప్రిన్సిపల్ కలెక్టరు మన్రో.

దత్తమండలాలంటే ఏమిటో నేటి విద్యార్థులకు రెండు ముక్కల్లో చెప్పాలి. 1800లో నైజాము నవాబు తన దగ్గరున్న కుంపిణీ సైన్యం ఖర్చుల కింద బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలను, కర్నూలులో కొంత భాగాన్ని ఇంగ్లీషువారికి ధారాదత్తం చేశాడు. 1928 నంద్యాల సభల్లో రాయలసీమ అన్న పేరు వచ్చేదాకా మనకు ఆ ఇచ్చేసిన పేరే మిగిలింది. మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు 1911 దాకా కడప జిల్లాలోనివే. చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఇందులో కలిశాయి. కాబట్టి ఆర్కాటు నవాబు కింద ఉండిన తిరుపతి, చంద్రగిరి వాళ్ళకు లేని చుట్టరికం మా పడమటి వాళ్ళకు మన్రోతో ఉంది. ఆయన మాకు మొదటి కలెక్టరు.

థామస్ మన్రో 1761 మే 27న స్కాట్లండులోని గ్లాస్గోలో జన్మించాడు. తండ్రి వర్జీనియా పొగాకు వ్యాపారి. చిన్నతనంలో తట్టమ్మ పోసి వినికిడి కొంత దెబ్బతిన్నది. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో చదివాడు. అమెరికా వలసలు ఇంగ్లండు మీద తిరగబడడంతో తండ్రి వ్యాపారం దివాలా తీసింది. ఇంట్లో గడవక కుంపిణీ సైన్యంలో క్యాడెట్టుగా చేరి 1780 జనవరిలో మద్రాసులో దిగాడు. అంటే పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు, మన క్లాసుల్లో మొదటి సంవత్సరం విద్యార్థి వయస్సు.

దిగిన ఏడే హైదరాలీ కర్ణాటకం మీద పడ్డాడు. ఊళ్ళు తగలబడడం, పైర్లు నాశనం కావడం, జనం వలసలు పోవడం మన్రో చూసిన మొదటి దక్షిణదేశం. ఆ యుద్ధం మధ్యలోనే, 1782 డిసెంబరులో, హైదరాలీ మన చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేటలో కన్నుమూశాడు. ఆ తరువాత టిప్పుతో యుద్ధాలు. 1792లో బారామహల్, అంటే నేటి సేలం, ధర్మపురి, కృష్ణగిరి ప్రాంతం, కుంపిణీ చేతికి వచ్చినప్పుడు కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ కింద మన్రోను రెవెన్యూ పనికి వేశారు. కత్తి పట్టినవాడు గొలుసు పట్టడం అక్కడ మొదలైంది. ఏడేళ్ళు అక్కడ పొలం గట్ల మీద తిరిగి, శిస్తు వ్యవహారమంతా జమీందారుతో కాదు, రైతుతోనే నేరుగా పెట్టుకోవాలని నమ్మకానికి వచ్చాడు. బెంగాలులో కారన్‌వాలిస్ జమీందార్లకు భూములు శాశ్వతంగా రాసిచ్చిన రోజులవి. రైతువారీ అన్న మాటకు మన్రో పేరు అతుక్కుపోయినా, మొదటి అడుగు రీడ్‌దేనని గుర్తుంచుకోవడం న్యాయం.

1799లో శ్రీరంగపట్టణం పడిన తరువాత అతణ్ణి కన్నడ తీరానికి కలెక్టరుగా పంపారు. అక్కడి ఎడతెగని వానలు, కొండలు అతనికి సరిపడలేదు. వానలు లేని సీమను కోరుకున్నాడో ఏమో, 1800 ఆఖరులో మన సీమకే వచ్చి పడ్డాడు.

వచ్చేటప్పటికి ఇక్కడి పరిస్థితి ఏమని చెప్పేది. ఎనభై మంది దాకా పాలెగాళ్ళు. ఎవరి కోట వాళ్ళది, ఎవరి కత్తి వాళ్ళది. టిప్పు సైన్యాలు, మరాఠా సైన్యాలు, నైజాము సైన్యాలు వంతులవారీగా తొక్కిన నేల. దక్కనును 1789 నుండి 1792 దాకా పీడించిన కరువు ఒకటి అప్పటికి పదేళ్ళ వెనకటిది. జనం దాన్ని పుర్రెల కరువన్నారు. చచ్చినవాళ్ళను పూడ్చేదానికి మనుషులు లేక పుర్రెలు దారుల్లో పడి ఉండేవట. ఇట్లాంటి చోట అనంతపురం ముఖ్యస్థానంగా మన్రో ఏడేళ్ళు కలెక్టరీ చేశాడు. చేశాడంటే బంగళాలో కూర్చోలేదు. చాలాకాలం డేరాల్లోనే బతికాడు. ఊరూరికీ పోయి, చింతచెట్టు కింద డేరా వేసుకుని, రెడ్డిని, కరణాన్ని, రైతుల్ని పిలిపించి జమాబందీ జరిపేవాడు. చెవి సరిగా వినపడని మనిషి అన్ని వేలమంది గోడు వినడం నాకు వింతగా తోస్తుంది. నేటి గ్రీవెన్సు డేల్లో రెండు చెవులూ బాగా వినపడే వారిని మనమందరమూ చూస్తూనే ఉన్నాము.

ఆయన చేసిన పెద్ద పని సర్వే. 33 అడుగుల గొలుసు. ఆ గొలుసు పొడవు చదరం ఒక గుంట, నలభై గుంటలు ఒక ఎకరం. ఇప్పటికీ మన పల్లెల్లో గుంటల్లెక్కన భూమి కొలిచేది ఇదే లెక్కన. కొలిచేవాళ్ళ వెనుక మట్టి రకాన్ని నిర్ణయించేవాళ్ళు, వాళ్ళ వెనుక లెక్క సరిచూసేవాళ్ళు. పుంజ ఏది, నంజ ఏది, తోట ఏది, బావి కింద పారేది ఎంత, చెరువు కింద పారేది ఎంత అని పొలం పొలానికీ తేల్చారు. అయిదేళ్ళలో అంత సీమను కొలిచి ముగించడం, జీపులూ కంప్యూటర్లూ లేని రోజుల్లో, సామాన్యమైన పని కాదు.

చెరువుల విషయంలో ఆయన కనిపెట్టిన సంగతి ఒకటి నన్ను నిలవేసింది. కడప తట్టు కొత్త చెరువులు తవ్వించి ఆదాయం పెంచుదామంటే కుదరదని, చెరువు వేయడానికి అనువైన ప్రతి చోటునూ ఇక్కడి జనం ఎప్పుడో వాడేసుకున్నారని ఆయన పైవాళ్ళకు రాశాడు. పూడిపోయిన చెరువుల్లో ఒండ్రు తీయించడం కూడా తేలిక కాదన్నాడు. ఒక పరదేశి, ఊరూరా తిరిగి చూసి, మన పూర్వీకులకు ఇచ్చిన సర్టిఫికేటిది. కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి శాసనం ఒకటుంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు చెరువు కట్టించి వేయించినది. మంచి చెరువుకు కావలసిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు అందులో చెక్కించారు. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు రెండేళ్ళపాటు పనిచేశారని కూడా ఉంది. మన్రో పుట్టడానికి దాదాపు నాలుగు వందల ఏళ్ళ ముందటి ఇంజనీరింగు ఇది. మన తిరుమల ఆలయ శాసనాల్లో కూడా భక్తులు ఇచ్చిన సొమ్మును దేవుని ఊళ్ళలో చెరువులూ కాలువలూ బాగుచేయడానికి పెట్టి, పెరిగిన పంటలో నైవేద్యం జరిపించిన ఏర్పాట్లు అనేకం. చెరువు పోషణ చేసినవాడికి దాని కింద భూమిలో కొంత ఇనాంగా వదిలిపెట్టే దశబంధం పద్ధతి మన సీమలో ఉండేది. నీళ్ళు విడిచేవాడు నీరుగంటి. వాడికి కళ్ళంలో మేర. ఒక చెరువు మరవ నీళ్ళు కింది చెరువుకు, దాని మరవ నీళ్ళు ఇంకో చెరువుకు. గొలుసుకట్టు అంటారే, అది. మన్రో చేతిలో ఒక గొలుసు ఉంటే, నేల మీద ఈ గొలుసు అంతకుముందే ఉన్నది.

ఇక 1804 గండ్ల దగ్గరికి వస్తే, గొలుసుకట్టులోని కిటుకూ అదే, ప్రమాదమూ అదే. పై చెరువు తెగితే ఆ వరద కిందిదాని మీద పడుతుంది. అదీ తెగితే దాని కిందిదాని మీద. కరువు ఏండ్లలో చెరువు ఖాళీగా ఉన్నప్పుడు ఎవరూ కట్ట వంక చూడరు. కట్ట మీద చెట్లు మొలుస్తాయి, ఎండ్రకాయలు బొక్కలు చేస్తాయి, మరవ రాళ్ళు ఎవరింటి పునాదికో పోతాయి. అప్పుడొస్తుంది వాన. మా ఊళ్ళో జరిగింది అచ్చం ఇదే. 1804లో జరిగింది కూడా ఇదే అయి ఉంటుందని నా ఊహ.

ఒక తేడా చెప్పుకోవాలి. మన్రో కాలంలో కరువు, వరద రెండూ దైవాధీనాలు. ఇప్పుడు వాటిలో మన చెయ్యి కూడా ఉంది. బొగ్గు, పెట్రోలు తగలబెట్టిన పొగతో భూమి వేడెక్కుతున్నదని, గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ తేమను పట్టగలదని ఫిజిక్సు చదివిన మిత్రులకు తెలుసు. పట్టిన తేమంతా పడేటప్పుడు ఒక్కసారిగా పడుతుంది. వాన కురిసే రోజులు తగ్గి, కురిసిన రోజు కుంభవృష్టి కావడం అందుకే. మా నాయనకు ఈ లెక్క తెలీదు. కాని మునుపు వాన నెలంతా కురిసేదని, ఇప్పుడు నెల వాన ఒక్క దినం కురిసి పోతుందని ఆయనే నాకు చెప్పాడు. మిగతా దినాలకు బోర్లు. మా పక్క వెయ్యి అడుగులు దిగినా దుమ్ము తప్ప రాని బోర్లున్నాయి. మేము వేసిన నాలుగింటిలో మూడు అట్లాంటివే. ఆ అప్పు మీదనే నా చదువు కూడా నడుస్తున్నది.

మన్రోను మెచ్చుకోవడంలో మనం ఒళ్ళు మరచిపోకూడదు. ఆయన కుంపిణీ నౌకరు. ఆ ఏడేళ్ళలో దత్తమండలాల శిస్తు సుమారు నాలుగు లక్షల పౌన్ల నుండి ఆరు లక్షల పౌన్లకు పెరిగింది. మధ్యలో కరువులున్నాయి, వరదలున్నాయి. పంటలో ప్రభుత్వ భాగం నూటికి నలభై అయిదు దాకా పడేది. ఒక రైతు కట్టలేకపోతే నూటికి పది వరకు ఊళ్ళోని మిగతావాళ్ళ నెత్తిన వేసే ఏర్పాటు కూడా ఆయనదే. వాన కురిసినా కురవకపోయినా శిస్తు రొక్కంలో కట్టాలి. పాత రోజుల్లో పంటలో పాలు ఇచ్చేవాళ్ళు, పంట పోతే రాజు పాలూ పోయేది. రొక్కం శిస్తు వచ్చాక వాన తప్పిన నష్టమంతా రైతు ఒక్కడి మీదికి వచ్చింది. దీన్ని నేను తేలిగ్గా తీసుకోలేను.

కాని ఈ మనిషే 1807లో సెలవు మీద స్వదేశం పోయేముందు, తాను వేసిన శిస్తు ఎక్కువైందని తానే రాశాడు. నూటికి ఇరవై అయిదు తగ్గించి, ప్రభుత్వ భాగాన్ని పంటలో మూడోవంతుకు తేవాలన్నాడు. బావుల కింద, ఏటి నీళ్ళు తోడుకుని పారించే భూములకు ఇంకో ఎనిమిది కలిపి, మొత్తం ముప్పైమూడు తగ్గించాలన్నాడు. ఇందులోని సూక్ష్మం గమనించండి. కపిల తోలి, తన ఎద్దుల చెమటతో నీళ్ళు పైకి తెచ్చుకునే రైతుకు ఎక్కువ తగ్గింపు. వాన మీద ఆధారపడకుండా కరువును తట్టుకోగలిగేది బావి ఉన్న రైతే గనుక అతణ్ణి నిలబెట్టాలన్నమాట. పైవాళ్ళు అప్పుడు వినలేదు. ఆయన పోగానే రైతువారీ తీసేసి ఊళ్ళకు ఊళ్ళు మూడేళ్ళ కౌలుకు, తరువాత పదేళ్ళ కౌలుకు వేలం వేశారు. ఎందరో చితికిపోయారు. 1820లో మన్రో మద్రాసు గవర్నరై వచ్చి, పదమూడేళ్ళ కింద తాను అడిగిన తగ్గింపును తానే అమలు జరిపాడు. తను వేసిన పన్ను తప్పని ఒప్పుకుని దాన్ని దిద్దుకోవడానికి పదమూడేళ్ళు గుర్తుపెట్టుకున్న అధికారిని చరిత్రలో నేను ఎక్కువగా చూడలేదు.

ఆయన పూర్తిగా పొరబడిన చోటు కూడా ఉంది. వానలు తప్పితే ఇబ్బంది వస్తుందే గాని అది పెనుకరువు కావాలంటే యుద్ధమో దొరతనం చేతకానితనమో తోడవ్వాలని ఆయన నమ్మకం. యుద్ధాలు ఆగిపోతే కరువు చావులుండవని ధీమా. ఆయన పోయిన యాభై ఏళ్ళకు, సీమలో ఒక్క తుపాకీ పేలని శాంతికాలంలో, 1876 నుండి 1878 దాకా వచ్చిన ధాతుకరువు ఆ ధీమాను తుడిచిపెట్టింది. పసిఫిక్ మహాసముద్రం వేడెక్కి, అంటే నేడు ఎల్‌నినో అంటున్నామే దానివల్ల, వానలు పోయాయి. రైళ్ళు వచ్చాయి గదా ధాన్యం వస్తుందనుకుంటే, ధర పలికే చోటికి ధాన్యం పోయింది. మద్రాసు రాజధానిలో లక్షలమంది చనిపోయారు. బళ్ళారి, కర్నూలు, కడప, ఉత్తర ఆర్కాటు అన్నీ దెబ్బతిన్నవే. చేతకానితనం అన్న భాగం మాత్రం మన్రో చెప్పినట్టే జరిగిందని ఎవరైనా వాదిస్తే నేను కాదనలేను.

గవర్నరుగా ఆయన చేసిన మరొక పని విద్యార్థి సంచికలో చెప్పకపోతే తప్పు. 1822లో రాజధాని అంతటా పల్లె బడుల లెక్క తీయించాడు. 12,498 బడులు, లక్షా ఎనభై ఎనిమిది వేల చిల్లర పిల్లలు తేలారు. జనాభాలో అరవై ఏడుగురికి ఒక్కరు. అది చాలదని ప్రతి జిల్లాలో, తాలూకాల్లో బడులు పెట్టాలని 1826లో నిర్ణయించాడు. మరుసటి ఏడే చనిపోవడంతో ఆ పని కుంటుపడింది.

ఆ చావు సంగతి. 1814లో జేన్ క్యాంబెల్‌ను పెండ్లాడి తిరిగివచ్చిన మన్రోకు స్వదేశం పోవాలని చాలా కోరిక. బర్మా యుద్ధం అడ్డం వచ్చి ఆగిపోయాడు. భార్య జబ్బుపడిన చంటిబిడ్డను తీసుకుని ముందుగా వెళ్ళిపోయింది. తన వంతు వచ్చేముందు, 1827 వేసవిలో, ఒక్కసారి దత్తమండలాలు చూసి పోదామని బయలుదేరాడు. చూడకపోతే గడవని పని ఏదీ లేదు. పాత సీమ మీద మమకారం, అంతే. దారిలో కలరా. 1817లో బెంగాలులో పుట్టిన ఆ మహమ్మారి పదేళ్ళుగా దేశమంతా తిరుగుతున్నది. గుత్తి దాటి పత్తికొండ చేరిన రోజే, జులై 6న, ఆయనకు తగిలింది, సాయంత్రానికి ప్రాణం పోయింది. అరవై ఆరేళ్ళు. గుత్తిలో పాతిపెట్టి, తరువాత 1831లో మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. కలరా నీళ్ళ ద్వారా వస్తుందని అప్పటికి ఎవరికీ తెలియదు. ఆయన చనిపోయిన పత్తికొండలో జ్ఞాపకార్థం తోపు నాటి, రాతి మెట్లతో బావి తవ్వించారు. మద్రాసులో జీను లేని గుర్రం మీద ఉన్న ఆయన విగ్రహాన్ని మనలో చాలామంది చూసే ఉంటారు. నాకైతే ఆ గుర్రం కంటే ఈ బావి నచ్చింది.

మన జనం ఆయన్ను తమలో కలుపుకున్న తీరు వేరు. మంత్రాలయంలో మఠం మాన్యం విషయమై పోయినప్పుడు రాఘవేంద్రస్వామి బృందావనంలోంచి లేచి ఆయనొక్కడికే కనబడ్డాడంటారు. వేంపల్లె దగ్గర గండిలో పాపఘ్ని మీద బంగారు తోరణం కనబడిందని, అది కనబడినవాడు ఎక్కువ రోజులు బతకడని ఒక కథ. మన తిరుమలలో అయితే కడుపునొప్పితో బాధపడుతూ స్వామి పొంగలి తిని బాగుపడ్డాడని, కృతజ్ఞతగా నైవేద్యానికి గంగాళం ఏర్పాటు చేసి దానికి ఒక ఊరి ఆదాయం రాసిచ్చాడని చెప్పుకుంటారు. మన్రో గంగాళం అన్న పేరు అట్లా వచ్చింది. కొందరికి ఆయన మాండవ్య ఋషి అవతారం. మా అవ్వది కదిరి తట్టు. వాళ్ళ పుట్టింట్లో ఒక ముత్తాతకు మన్రోలప్ప అని పేరుండేదట. నేను ఈ వ్యాసం కోసం చదువుతున్నానని చెప్పినప్పుడు అవ్వ ఆశ్చర్యపోయింది. మన్రోలప్ప అంటే ఆమె ఏదో గ్రామదేవుడి పేరనుకుంటున్నది ఇన్నాళ్ళూ.

కథలు నిజమా కాదా అన్నది పక్కన పెడదాం. శిస్తు వసూలు చేసిన కలెక్టర్లు ఎందరో వచ్చారు, ఎవరి పేరూ పిల్లలకు పెట్టుకోలేదు. తమ గుడిసె ముందర డేరా వేసుకుని పడుకున్నవాణ్ణి జనం గుర్తుపెట్టుకున్నారని మాత్రం నాకు అనిపిస్తుంది.

ఇంక మా చెరువు మాట చెప్పి ముగిస్తాను. గండి పడిన మరుసటి వేసవిలో ఊరంతా చేరి కట్ట పూడ్చాలనుకున్నారు. కట్ట ఒక్కటి పూడిస్తే చాలదని, ఏండ్ల తరబడి నీళ్ళెందుకు రాలేదో కూడా చూడాలని నేను పట్టుపట్టాను. మన్రో గొలుసు కథలు చదివిన ఉత్సాహం. ఆయన నాటి లెక్కలు కావు గాని, ఆ తరువాతి సర్వేల నాటి ఎఫ్.ఎం.బి. నకళ్ళు, డైగ్లాటు తాలూకాఫీసు నుండి తెప్పించాము. సర్వేయరు వచ్చి కొలిచాడు. కొండ నుండి చెరువుకు వచ్చే వంక పటంలో ఇంత వెడల్పున ఉంటే, నేల మీద అది కాలిబాట అయి ఉంది. రెండు పక్కలా పొలాలు దాన్ని మింగేశాయి. చిన్న వానకు నీళ్ళు దారిలేక యెటో పోయేవి. పెద్ద వానకు దారి తప్పి వచ్చి, కట్ట మూలను తన్నేవి. మింగిన పొలాల్లో పెద్దది, దాదాపు అర ఎకరం, మాదే. కరువు ఏండ్లలో మా తాత దున్ని సెనక్కాయ వేసినాడట. నీళ్ళే రాని వంక ఎవరికెందుకన్నది ఆనాటి న్యాయం.

అందరి ముందర సర్వేయరు ఆ గుర్తు రాయి పాతినప్పుడు మా నాయన ఏమీ అనలేదు. ఇంటికి వచ్చినాక కూడా ఏమీ అనలేదు. పదకొండు దినాలు నాతో మాట్లాడలేదు. అప్పు ఉన్న ఇంట్లో అర ఎకరం అంటే ఏమిటో నాకు తెలుసు, ఆ పటాన్ని ఇంటికి తెచ్చింది నేనే అన్నది ఆయనకు తెలుసు. పన్నెండో దినం పొద్దున లేచేసరికి ఆయన ఇంట్లో లేడు. పోయి చూస్తే గట్టు రాళ్ళు తానే పెరికి బండికి వేస్తున్నాడు. పక్క పొలాల వాళ్ళు రెండు రోజులు చూసి, మూడో రోజు వాళ్ళవీ తీశారు. ఒకాయన తీయలేదు. ఆయనతో తగవు ఇంకా నడుస్తూనే ఉంది.

ఆ పైయేడు వాన కురిసినప్పుడు నీళ్ళు మా సెనక్కాయ చేను ఉన్న చోటి నుండే చెరువుకు పోయాయి. చెరువు సగానికి వచ్చింది. మరవ దాకా రాలేదు. నాయన గొడుగు వేసుకుని చూసేదానికి పోయాడు, వెనకాల నేనూ పోయాను. ఆయన ఇప్పటికీ ఆ చోటును మన అర ఎకరం అనే అంటాడు.